తకెఫుసా కుబో కీర్తినిగూర్చి బావమరదుల సంవాదము

టోక్యో మహానగరమునకు తూర్పుగా నున్న నిషికసాయి పేటలో భారతీయ కుటుంబములు దండిగా కాపురముండుట జపానుతో రాకపోకలు గల తెలుగువా రెల్లరు నెరిగినదే. ఆ పేటలో చిరకాలముగా స్థిరపడిన యొక గృహస్థునకును, ఉద్యోగనిమిత్తము కొత్తగా వచ్చి ఆయన యింటనే దిగియున్న బావమరదికిని నడిచిన సంవాదమిది. బావగారు బేస్‌బాల్ పక్షపాతి; ఎవ్వరినైన మెచ్చుకొనుటకు ముందు లెక్క చూపుమని యడుగు స్వభావము గలవారు. మరది చిన్ననాటినుండియు ఫుట్‌బాల్ మోజులో పెరిగినవాడు. వీరిరువురి నడుమ తీర్పు చెప్పదగిన యిల్లాలు, వాదమునకు సూచనలు కనబడినంతనే తనకు బజారు పని యున్నదని వెళ్ళిపోయినది గనుక, వ్యాజ్యము న్యాయాధిపతి లేకయే విచారణకు వచ్చినది.

మరది: బావగారూ, ఫుట్‌బాల్ ఆటగాడు తకెఫుసా కుబోను గూర్చి నిన్నటి రాత్రి తామన్న మాట నాకింకను మింగుడు పడలేదు. ఆ యువకుని కీర్తి యతడు సంపాదించినది కాదనియు, అతనికి ముందుగనే పంచిపెట్టబడినదనియు సెలవిచ్చితిరి. ఏ యాధారము చూచుకొని యంతమాట యంటిరి?

బావ: ఆధారము లేక నేను మాటాడుట నీవెన్నడు చూచితివి? వినుము. 2001 జూన్ 4వ తేదీన, ఈ నగరమునకు రెండవ కొసన, తమా నది కావలి యొడ్డున నున్న కవాసాకిలో అతడు పుట్టెను. పదియేండ్లు నిండిన వెంటనే, 2011లో, బార్సిలోనావారి బాలశిక్షణాలయమగు లా మసియాలో అతనికి ప్రవేశము లభించెను. అది సామాన్యమని నేననను. కాని యా చిన్నవాడు పెద్దల పోటీలో ఒక్క మ్యాచియు నాడకమునుపే 'జపాను మెస్సీ' యను బిరుదు పత్రికల కెక్కుటకు గల కారణము అతని కాలిలో మాత్రమే లేదు. 1981లో యోయిచి తకహాషి యను చిత్రకారుడు ఫుట్‌బాల్ బొమ్మల కథగా మొదలుపెట్టిన 'కెప్టెన్ త్సుబాసా'ను చదువక పెరిగిన మగపిల్లవాడు ఈ దేశమున అరుదు. ఆ కథానాయకుడు, కథ ముదిరిన పిదప, బార్సిలోనా సంఘములోనే చేరును. ఆ కథతో పెరిగి పెద్దవారై, పత్రికాలయములలోను టెలివిజన్ సంస్థలలోను కుర్చీల నెక్కిన తరమువారు, వేషము కుట్టించి యుంచుకొని నటుని కొరకు వీథివంక చూచుచున్న నాటకసమాజమువారివలె నుండగా, కవాసాకి పిల్లవాడొకడు నిజముగనే బార్సిలోనాకు పోయెను. వేషము సరిగా పట్టినది. ఇక చప్పట్లు వేషమునకో నటునకో నీవే చెప్పుము.

మరది: వేషమునకు చప్పట్లు కొట్టువారు మొదటి యంకము ముగియగనే లేచిపోవుదురు, పదియేండ్లకు పైగా కూర్చున్నవారిని తాము లెక్కలోనికి తీసికొనుట లేదు. అదియు గాక, ముందుగా వచ్చిన యా కీర్తి యతనికి సుఖము నిచ్చినదని తలచెదరా? పదునెనిమిదేండ్లు నిండని బాలురను దేశాంతరములనుండి తెచ్చి చేర్చుకొనరాదని ఫీఫావారి నిబంధన యొకటి కలదు. తలిదండ్రులు ఆటతో సంబంధము లేని పనిమీద ఆ దేశమునకు వలసపోయిరన్నట్టి కొలది మినహాయింపులే దానికి గలవు. బార్సిలోనావారు ఆ నిబంధన నతిక్రమించిరని 2014లో తేలి, వారికి శిక్ష పడెను. ఆ శిక్ష సంఘము పేర వ్రాయబడినను, మోసినవారిలో ఈ బాలు డొకడు. తోడివా రాడుచుండగా అధికారిక పోటీలలో కాలుమోపు యోగ్యత లేక, తుదకు 2015లో స్వదేశమునకు తిరిగివచ్చెను. పెద్దలు చేసిన కాగితపు తప్పునకు పదుమూడేండ్లవా డనుభవించిన దండన మది. వచ్చి ఊరకుండెనా? ఎఫ్.సి. టోక్యోలో చేరి, 2016 నవంబరు 5వ తేదీన ఆ సంఘపు యువజట్టు పక్షమున మూడవశ్రేణి జె-లీగులో దిగునప్పటికి అతని వయస్సు పదునైదేండ్ల ఐదు మాసముల యొక దినము. జె-లీగు చరిత్రలో అంత పిన్నవయస్కుడు అంతకుముందు మైదానమున కాలుపెట్టి యెరుగడు. మరుసటి వసంతమున గోలు చేసి, ఆ విషయమునను అతడే పిన్నవాడయ్యెను.

బావ: వయస్సును బట్టి లెక్కించు ఘనత ఆటగాని ప్రతిభ కెంత సాక్ష్యమో, అతనిని దింపినవారి తొందరకును అంతే సాక్ష్యము. ఆ తొందర యెచటినుండి వచ్చినది? నేను చెప్పిన కీర్తినుండియే. కావలెనన్న తరువాతి లెక్క చూడుము. 2019లో రియల్ మాడ్రిడ్ వారతనిని తీసికొనగా ఇచట పండుగ చేసికొన్నారు. ఆ సంఘపు చొక్కాతో అధికారికముగా అతడాడిన మ్యాచి యొక్కటియు లేదు. మయోర్కాకు, వియ్యారియల్‌కు, హెతాఫేకు, మరల మయోర్కాకు ఎరువిచ్చుచు వచ్చిరి. మూడు సీజనులు గడచునప్పటికి స్పెయిన్ లీగులో అతని గోలులన్నియు కలిపి ఆరు. ఆరు గోలుల యాటగాని పేరు ఆసియా యంతట మారుమ్రోగుచున్న దనిన, ఆ మ్రోత గోలులది కాదని గ్రహించుటకు గణితము కావలెనా?

మరది: ఆరు గోలులను గంపగుత్తగా చెప్పితిరి, విడివిడిగా చూతము. 2021 మే నెలలో లెవాంతెపై అతడు చేసిన గోలుతో హెతాఫే గెలిచి, క్రింది శ్రేణికి జారిపోవు గండమునుండి బయటపడెను. ఆ యేటి డిసెంబరులో, అప్పటి ఛాంపియనులైన అత్లెటికో మాడ్రిడ్ వారిని వారి సొంత మైదానములో మయోర్కా 2-1తో ఓడించినది. తొంబది నిమిషములు దాటిన పిదప ఒంటరిగా పరుగెత్తి యా రెండవ గోలు చేసినవాడెవ్వడు? ఇరువదియేండ్లవాడు, తన జట్టనునది లేక, ఏటేట ఊరు మారుచు, ఏ శిక్షకునకును తనవాడు కాక ఆడిన యాట యది. బావగారూ, అద్దె యిండ్ల బాధ మనకు తెలియనిదా?

బావ: మాట నెక్కడికో తిప్పుచున్నావు. సరే, ఇక జనాదరణమునకు వత్తము. జనాదరణ మనగా దేనితో పోల్చిన జనాదరణము? బేస్‌బాల్ ఈ దేశమునకు 1872 ప్రాంతమున వచ్చినది. ఉన్నతపాఠశాలల జాతీయపోటీ 1915లో మొదలై, ఆగస్టు మాసము వచ్చెననగా దేశమంతయు కోషియెన్ మైదానమువంక చెవియొగ్గు నాచారము తరతరములుగా నున్నది. నీ జె-లీగు పది సంఘములతో 1993లో పుట్టినది. బేస్‌బాల్ ఆటగాడు షొహెయి ఒహ్తాని 2023లో దేశమునందలి ప్రాథమిక పాఠశాలలు సుమారు ఇరువది వేలకు, మొత్తము అరువది వేల బేస్‌బాల్ తొడుగులు కానుకగా ప్రకటించెను. అతని పేరు వినని ముసలమ్మ యీ పేటలో లేదు. లాస్ ఏంజెలెస్‌లో అతడు రాత్రిపూట ఆడునప్పుడు మనకు మధ్యాహ్నమునకు ముందు వేళ. ఆ వేళ మా కార్యాలయమున పనిచేయువారికంటె పనిచేయుచున్నట్లు నటించువారే యెక్కువ. వారినే కుబోను గూర్చి యడిగి చూచితిని. 'ఆ, బార్సిలోనా పిల్లవాడా!' యనిరి. వారి మనస్సులో అతని కిప్పటికిని పదియేండ్లే!

మరది: ఆ చివరి మాటతో తామే నా పక్షమున సాక్ష్యము పలికితిరి. పదియేండ్లనాడు పెట్టిన పేరు అతనికి మేలు చేయలేదు. ఎన్ని చేసినను ఆ పేరు దాటి చూడనీయలేదు. ఇక వేళల మాటకు వత్తము. స్పెయినులో రాత్రి తొమ్మిదింటికి మొదలగు మ్యాచి శీతకాలమున మన కుదయ మైదింటికి. ఒహ్తాని యాటను జీతము పుచ్చుకొనుచు చూడవచ్చును. కుబో యాటను నిద్ర చెడగొట్టుకొని చూడవలెను. తలలు లెక్కించిన మీరే గెలుతురు, సందేహము లేదు. కాని యైదింటికి లేచినవానిని, బల్లక్రింద ఫోనులో చూచినవానిని ఒకే తలగా లెక్కించుట న్యాయమా? అదియు గాక, తాము గోలుల లెక్కతోనే జనాదరణమును తూచెదమనుచున్నారు. కజుయోషి మియురాను తూచి చూడుడు. 1982లో పదునైదేండ్లప్పుడు ఒంటరిగా బ్రెజిలునకు పోయినవాడు. జె-లీగు మొదటినాళ్ళలో అతడే దాని ముఖము. 1998లో జపాను మొట్టమొదటిసారి ప్రపంచకప్పునకు పోవునప్పుడు జట్టునుండి తొలగింపబడినవాడు. ప్రపంచకప్పులో ఒక్క నిమిషమైన ఆడని యా మనుష్యుని ఈ దేశము నేటికిని 'రాజు' అనుచున్నది. ఏ లెక్కన?

బావ: కజు దేశమునకు ఫుట్‌బాల్ నేర్పినవాడు. ఆ గౌరవము వేరు. బాలరాముని పట్టాభిషిక్తుని చేయుట వేరు.

మరది: అట్లయిన ఆ బాలుడు రాజ్యభార మెట్లు మోసెనో వినుడు. 2020 ఒలింపిక్ క్రీడలు మహమ్మారి కారణమున 2021కి వాయిదాపడినవి. టోక్యో ప్రాంతపు మైదానములలో ప్రేక్షకులకు ప్రవేశము లేకపోయెను. పదియేండ్లనాటినుండి దేశము కనిపెట్టుకొనియున్న కుమారుడు, సొంతగడ్డపై, తన జీవితములో తొలి మహోత్సవమునకు దిగునప్పటికి, వేలకొలది ఆసనములు వరుసలు వరుసలుగా ఖాళీగా నున్నవి. జనాదరణ మని తాము పొద్దుటినుండి పరిహసించుచున్న పదార్థము ఆ నాడు ఒక్క కేకగానైన అతని చెవిని పడలేదు. అట్టి నిశ్శబ్దమున దక్షిణాఫ్రికాపై గోలు చేసి 1-0తో గెలిపించెను. మెక్సికోపై గోలు చేసెను. ఫ్రాన్సుపై గోలు చేసెను. వరుసగా మూడు మ్యాచీలు, మూడు గోలులు. చప్పట్లు లేనిచోట ఆడుట యెట్లో పరీక్ష పెట్టదలచిన, దైవమునకు అంతకంటె మంచి యేర్పాటు దొరకియుండదు. ఇచట వేష మెచటిది? చూచువాడే లేడు గదా!

బావ: చూచువారు లేరందువా? దేశమంతయు ఇండ్లలో టీవీల ముందు కూర్చున్నది. అయినను ఆ మూడు గోలులు మంచివే; కాదనను. నీవు చెప్పక మింగిన దానిని నేను పూరింతును. సెమీఫైనలులో స్పెయిను చేతిలో ఓటమి. కంచుపతకపు పోటీలో మెక్సికో చేతిలో 3-1 ఓటమి. ఆ యొక్క గోలు చేసినవాడు కుబో కాదు, కఓరు మితోమా. మ్యాచి ముగియగనే కుబో పచ్చికపై కూలబడి వెక్కివెక్కి యేడ్చెను. ఆ యేడుపు చూచి దేశము కరిగిపోయెను. చూచితివా? గోలు చేసినవాని పేరు మరచిరి, ఏడ్చినవాని ముఖమును గుర్తుంచుకొనిరి. ఇక 2022 ప్రపంచకప్పు. కతార్‌లో జర్మనీతో తొలి మ్యాచి: కుబో మొదటినుండి ఆడెను, సగమగునప్పటికి జపాను ఒక గోలు వెనుకబడియున్నది, శిక్షకుడు మొరియాసు అతనిని దింపివేసెను, రెండవ సగమున దోఅన్, అసానోలు గోలులు చేయగా జపాను 2-1తో గెలిచెను. స్పెయినుతో మ్యాచి: మరల మొదటినుండి కుబో, సగమగునప్పటికి మరల ఒక గోలు వెనుక, మరల కుబోను తీసి ఆ స్థానముననే దోఅన్‌ను దింపిరి, దోఅన్ కొద్ది నిమిషములలోనే గోలు చేసెను, పిదప బంతి గీత దాటిపోయెనని యెల్లరు తలంచిన చోట మితోమా దానిని వెనుకకు లాగి యందింపగా తనకా యనువాడు గోలు చేసెను, మరల 2-1. ప్రపంచఛాంపియనులై యుండిన రెండు దేశములను జపాను జయించిన రెండు మహాదినములలోను, జయము మొదలైన క్షణమున కుబో బెంచిపై కూర్చుండియుండెను. తరువాతి క్రొయేషియా మ్యాచికి అనారోగ్యము. ఇది నా కల్పన కాదు గదా?

(బావగారి వాదములన్నిటిలో ఇదియే బలవత్తరమైనదని నా తలంపు. దీనికి మరది వెంటనే బదులు చెప్పలేకపోవుటయు నిజమే. అయినను ఒక యాటగాడు తప్పుకొన్న పిదప గెలుపు వచ్చెను గనుక, తప్పుకొనుటవలననే వచ్చెననుట తర్కశాస్త్రమున నిలువదు. మొదటి సగమంతయు వెనుకకు దిగి కాచుకొని, అలసిన ప్రత్యర్థిపై రెండవ సగమున విజృంభించుట ఆ జట్టు అవలంబించిన వ్యూహము. ఆ వ్యూహమున మొదటి సగమువారి వంతు కేవలము శ్రమ. రెండవ సగమువారి వంతు కీర్తి. మరది ఈ మాట చెప్పియుండవలసినది. అతడు వేరుత్రోవ పట్టెను.)

మరది: కల్పన కాదు. ఆ చేదును కుబోయే మింగినాడు. నేను మింగుట కేమి? కాని తాము జనాదరణమును టోక్యోలో కూర్చుండి కొలుచుచున్నారు. సాన్ సెబాస్టియన్‌కు పోయి కొలువుడు. అది బాస్కు జాతివారి సముద్రతీర పట్టణము. రెండు లక్షల జనమైన లేరు. అక్కడి రియల్ సొసియెదాద్ సంఘము చిరకాలము తమ జాతివారినే తప్ప అన్యులను చేర్చుకొనక, ఆ నియమముతోనే 1981లోను 1982లోను స్పెయిన్ లీగును గెలిచి, 1989లో ఐర్లండు జట్టువాడగు ఆల్డ్రిడ్జిని తెచ్చుకొని ఆ నియమమును సడలించినది. నేటికిని జట్టులో చాలమంది జుబియెతా శిక్షణాలయమున పెరిగిన స్థానికులే. అట్టి యూరికి 2022లో పోయినవాడు కుబో. 'కెప్టెన్ త్సుబాసా' అక్కడి తాతలకు దిక్కు కాదు. కవాసాకి యేదిక్కున నున్నదో వారికక్కర లేదు. మొదటి మ్యాచిలోనే కాదిజ్‌పై ఏకైక గోలు అతడే చేసి గెలిపించెను. జనవరిలో బిల్బావోవారితో దాయాదుల పోరు; 3-1 గెలుపులో అతని గోలు ఒకటి. తనను మూడేండ్లు ఊరూర త్రిప్పిన రియల్ మాడ్రిడ్‌పై మే నెలలో గోలు. ఆ సీజనున లీగులో అతని గోలులు తొమ్మిది. అతడు గోలు చేసిన ప్రతి మ్యాచియు వారు గెలిచిరి. నాలుగవ స్థానమున నిలిచి పదియేండ్లకు ఛాంపియన్స్ లీగు కెక్కిరి. మరుసటి సెప్టెంబరున స్పెయిన్ లీగువారు అతనిని ఆ మాసపు ఉత్తమ క్రీడాకారునిగా నెన్నుకొనిరి. ఆ యూరివారు అతనిని 'తాకె' యని ఇంటి పిల్లవానివలె పిలుతురు. అతడు వారితో మాటాడునది దుబాసి సహాయమున కాదు, పసితనమున నేర్చిన స్పానిషుతో.

బావ: మాడ్రిడ్‌పై గోలంటివి, వారి మిలితావు వెనుకకు తన్నిన బంతి తప్పిపోయి అతని కాళ్ళ దగ్గరకు వచ్చినది.

మరది: తప్పిపోవునని ముందే పసిగట్టి యక్కడికి పరుగెత్తినవాడెవ్వడు, బావగారూ? బంతి యతనిని వెదకికొనుచు రాలేదు.

బావ: సరే. సాన్ సెబాస్టియన్ కీర్తి సంపాదించినదే, ఒప్పుకొంటిని. నా మాట యిచటి కీర్తిని గూర్చి. మితోమాను చూడుము. ఇతడును కవాసాకిలో పెరిగినవాడే, కుబోకంటె నాలుగేండ్లు పెద్ద. ఫ్రోంటాలె సంఘము పెద్దజట్టులోనికి పిలిచినప్పుడు, నేనింకను సిద్ధముగా లేనని చెప్పి త్సుకుబా విశ్వవిద్యాలయమున చేరెను. బంతిని కాళ్ళతో నడుపుచు ఎదిరిని దాటుటను గూర్చి పరిశోధించి పట్టాకొరకు వ్యాసము వ్రాసెను. ఇరువదిరెండేండ్ల వయస్సున వృత్తిలోనికి వచ్చి, మొదటి యేడే జె-లీగులో పదుమూడు గోలులు చేసెను. అటుపై బెల్జియముమీదుగా బ్రైటనునకు పోయెను. ఈ దేశము అతనిని మెచ్చునప్పటికి మెచ్చదగిన పని చేసియున్నాడు. కీర్తి పనికి వెనుక నడువవలెను.

మరది: నేను సిద్ధముగా లేనని చెప్పు స్వాతంత్ర్యము మితోమాకు కలదు; అతని పేరెవ్వరు నెరుగరు గనుక. పదేండ్లప్పుడే దేశము చూపు తగులుకొన్న బాలుడు ఆ మాట యనగలడా? అన్నచో పత్రికలవారు దానినే మరియొక కథగా వ్రాయుదురు. తామాతని కీర్తిని వరముగా లెక్కించుచున్నారు. మితోమాకు దొరికిన ఆ నాలుగేండ్ల మరుగును కూడ ఒక సంపదగా లెక్కవేయుడు. అది కుబోకు దొరకలేదు.

బావ: ఊఁ. ఈ మాట కొంచెము ఆలోచింపదగినది.

మరది: ఆలోచించుచు దీనిని గూడ వినుడు. 2025 మార్చి 20వ తేదీన, మన యింటికి దూరము కాని సైతామాలో, ఈ తడవ నిండిన మైదానమున, జపాను బహ్రెయిన్‌తో ఆడెను. మ్యాచి కదలక మెదలక యుండగా, కుబో అందించిన బంతితో కమదా మొదటి గోలు చేసెను. ముగింపునకు కొద్ది నిమిషముల ముందు రెండవది కుబోయే చేసెను. ఆ గెలుపుతో, ఆతిథ్యమిచ్చు దేశములను విడిచిన, 2026 ప్రపంచకప్పునకు మొట్టమొదట అర్హత పొందిన జట్టు జపానే యయ్యెను.

బావ: బహ్రెయిన్ మీద గదా!

మరది: మాడ్రిడ్ మీద చేసిన దానిని మిలితావు తప్పంటిరి, మెక్సికో, ఫ్రాన్సుల మీద చేసిన తరువాత ఏడ్చెనంటిరి, ఇప్పుడు బహ్రెయిన్ చిన్నదనుచున్నారు. తమకు చాలిన ప్రత్యర్థి యెవ్వరో తామే నిర్ణయింపుడు, అతనికి కబురు పంపెదను.

బావ: జర్మనీయో స్పెయినో యుండవలెను. అదియు రెండవ సగమున.